మ్యాథ్స్ డిగ్రీ అయింది, స్కూల్ టీచర్ ప్లస్ వాలీబాల్ కోచ్ అవ్వాలంటే బీఈడీనా బీపీఈడీనా?

లిబెరో_07:

నమస్తే అందరికీ. బీఎస్సీ మ్యాథ్స్ ఫిజిక్స్ కంప్యూటర్స్ ఈ సంవత్సరమే అయిపోయింది, మార్కులు పర్వాలేదు. హైస్కూల్ నుంచి వాలీబాల్ ఆడుతున్న, ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) అండర్ 17ల స్టేట్ మీట్ ఆడిన, డిగ్రీల యూనివర్సిటీ సెలక్షన్స్ దాకా పోయి అక్కడ ఆగిన. ఇప్పుడు నా ఆలోచన ఏందంటే హైస్కూల్ల టీచర్ అవ్వాలె, అట్లనే స్కూల్ టీమ్‌కి కోచింగ్ కూడా నేనే ఇయ్యాలె. పొద్దున గ్రౌండ్, మధ్యల క్లాసులు, సాయంత్రం మళ్ల గ్రౌండ్.

ఇంట్లోళ్లేమో బీఈడీ చెయ్, లెక్కల సార్‌కి ఎప్పుడైనా గిరాకీ ఉంటది, ఆటలు ఎవడు చూస్తడు అంటున్నరు. నాతోటి ఆడిన దోస్తు పీఈసెట్ (బీపీఈడీ ప్రవేశ పరీక్ష) రాసి బీపీఈడీల (వ్యాయామ విద్య డిగ్రీ) చేరిండు, నన్ను గూడ రమ్మంటున్నడు. ఇంకో సీనియర్ ఇవన్నీ ఎందుకురా, ఎన్ఐఎస్ (పటియాలా క్రీడా సంస్థ) ఆరు వారాల కోర్స్ చేసిరా, ఆ సర్టిఫికెట్ ఉంటే ఏ స్కూలైనా తీసుకుంటది అంటున్నడు. ముగ్గురి మాటలు విని బుర్ర ఖరాబైంది.

అడిగేది ఇదే. బీఈడీ చేసి మ్యాథ్స్ టీచర్ అయినంక టీమ్‌ని చూసుకోవచ్చా, లేక బీపీఈడీ చేస్తేనే గ్రౌండ్‌ల దిగనిస్తరా? రెండూ ఒకేసారి చేసే దారి ఉందా? పీఈ (వ్యాయామ విద్య) పోస్టుకి టెట్ (టీచర్ అర్హత పరీక్ష) ఉంటదా ఉండదా, ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్తున్నరు. నేను తెలంగాణ లోకల్. తెలిసినోళ్లు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

లెక్కల_సారు:

తమ్ముడూ, నేను జెడ్పీ హైస్కూల్లో మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్‌ని, మా స్కూల్ ఖోఖో టీమ్‌ని కూడా చూసుకుంటాను, కాబట్టి నువ్వు అడిగేది నా రోజువారీ బతుకే. ముందు ఒక్కటి బుర్రకెక్కించుకో, మన సర్కారు స్కూళ్లలో టీచర్ కమ్ కోచ్ అని ఒక పోస్టు లేదు. మ్యాథ్స్ సార్ పోస్టు ఒకటి, పీఈటీ (వ్యాయామ టీచర్) పోస్టు ఒకటి, దేని అర్హత దానిదే. బీఈడీ ఉన్నోడు పీఈటీ కాలేడు, బీపీఈడీ ఉన్నోడు మ్యాథ్స్ స్కూల్ అసిస్టెంట్ కాలేడు. నేను ఖోఖో ఆడిస్తున్నానంటే అది నా ఇష్టం, హెడ్‌మాస్టర్ సహకారం, మాకు పీఈటీ లేకపోవడం, ఈ మూడూ కలిసొచ్చి. రేపు పీఈటీ వస్తే ఎస్‌జీఎఫ్ ఫారాల మీద సంతకం నుంచి టీమ్ వెంట వెళ్లడం దాకా అంతా ఆయన పని అయిపోతుంది, నేను పక్కన నిలబడి చప్పట్లు కొట్టాలి. అది నీకు ఓకేనా కాదా ముందు తేల్చుకో.

బీఈడీ దారి ఎలా ఉంటుందంటే, ఎడ్‌సెట్ (బీఈడీ ప్రవేశ పరీక్ష) రాయాలి, కోర్స్ రెండేళ్లు. అందులో స్కూల్ ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలు ఉంటుంది. చాలామంది దీన్ని రికార్డులు రాసే తంతులా చూస్తారు గానీ నిజంగా టీచర్ తయారయ్యేది అక్కడే. 45 నిమిషాల పీరియడ్‌కి లెసన్ ప్లాన్ రాసుకుని లోపలికి వెళ్తావు, పది నిమిషాల్లో చెప్పాల్సింది అయిపోతుంది, వెనక బెంచీలో ఇద్దరు కొట్టుకుంటుంటారు, ముందు బెంచీ అమ్మాయి సార్ రెండో స్టెప్ ఎలా వచ్చింది అని అడుగుతుంది, అప్పుడు తెలుస్తుంది నీకు లెక్క రావడం వేరు, చెప్పడం వేరని. తర్వాత టెట్ పేపర్ 2, మ్యాథ్స్ సైన్స్, 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. జనరల్ వాళ్లకి 60 శాతం, బీసీలకి 50, ఎస్సీ ఎస్టీలకి 40 వస్తే పాస్. ఆ టెట్ మార్కులకి డీఎస్సీలో (సర్కారు టీచర్ పోస్టుల నియామకం) 20 వెయిటేజీ, డీఎస్సీ రాత పరీక్ష 80కి. అందుకే పాసైనా సరే స్కోర్ పెంచుకోవడానికి జనం మళ్లీ మళ్లీ టెట్ రాస్తుంటారు. పైగా 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది కదా, సర్వీస్ ఐదేళ్లకి మించి మిగిలిన పాత టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాసవ్వాలని, అప్పట్నుంచి మా స్టాఫ్‌రూమ్‌లో ఎవరి చేతిలో చూసినా సైకాలజీ గైడే, పిల్లలు చూసి నవ్వుకుంటున్నారు.

రెండూ ఒకేసారి అన్నావు కదా, అది మర్చిపో. రెండూ రోజూ కాలేజీకి వెళ్లి చేసే కోర్సులు, బీఈడీలో తరగతులకి 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి. ఒకటి అయ్యాక ఇంకోటి చేసినవాళ్లున్నారు, నాలుగేళ్లు పడుతుంది, ఇంట్లో ఒప్పుకుంటే నీ ఇష్టం.

విజిల్_పీఈటీ:

పైన సార్ చెప్పింది నిజమే, కాకపోతే గ్రౌండ్ వైపు కథ నేను చెప్తా. నేను బీపీఈడీ చేసి పీఈటీ అయినోణ్ణి.

ముందు టెట్ సంగతి తేల్చేద్దాం, తెలంగాణల 2024 డీఎస్సీల పీఈటీ పోస్టుకి టెట్ లేదు, నూటికి నూరు మార్కులు రాత పరీక్షే. మిగతా టీచర్లకి 80 ప్లస్ టెట్ 20. రూల్స్ డీఎస్సీ డీఎస్సీకి మారుతయ్, నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఎవణ్నీ అడగకుండ నువ్వే మొత్తం చదువుకో. ఇగ పోస్టుల సంగతి, అదే డీఎస్సీల మొత్తం 11,062 పోస్టులుంటే పీఈటీలు 182. మళ్ల చదువు, నూట ఎనభై రెండు, రాష్ట్రం మొత్తానికి. అండ్ల నీ జిల్లాకి, నీ రోస్టర్‌కి (రిజర్వేషన్ వరసకి) ఎన్నొస్తయో లెక్కేసుకో, మ్యాథ్స్ పిలగాడివే గద. ఆంధ్రల 2025 మెగా డీఎస్సీల స్కూల్ అసిస్టెంట్ పీఈ పోస్టులు 1,600 పైన ఇచ్చిన్రు, మనోళ్లు అది చూసి అటు పోదామంటరు గానీ నాన్ లోకల్‌కి మిగిలేది తక్కువ. మన దగ్గర డీఎస్సీ కాకుండ గురుకులాల బోర్డు కూడా పీఈటీ, ఫిజికల్ డైరెక్టర్ పోస్టులు వేరే నింపుతది, దాని మీద కన్నేసి ఉంచు. జూనియర్ కాలేజీల పీడీ (ఫిజికల్ డైరెక్టర్) కావాలంటే ఎంపీఈడీ (బీపీఈడీ తర్వాతి పీజీ) ఉండాలె.

బీపీఈడీ అంటే రెండేళ్లు ఆడుకునుడు అనుకుంటరు జనం. అనాటమీ ఫిజియాలజీ ఉంటది, కినిసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) ఉంటది, టెస్ట్స్ అండ్ మెజర్‌మెంట్స్ ఉంటది, పొద్దుగాల గ్రౌండ్‌ల ఒళ్లు హూనం చేసుకుని పదింటికి పోయి ఎముకల పేర్లు రాయాలె. డంబెల్స్, లెజిమ్, మార్చింగ్ ఇవన్నీ నేర్పుతరు, నేర్పిచ్చుడు గూడ నేర్పుతరు. టీచింగ్ ప్రాక్టీస్‌ల నిన్ను అరవై మంది ముందు నిలబెట్టి కమాండ్ ఇయ్యమంటరు, నీ గొంతు చివరి లైన్ దాకా పోకపోతే ఆ లైన్ వేరే దేశంల ఉన్నట్టు నిలబడతది. నేనైతే ఆ పని నేర్చుకున్నంకనే టీచర్‌నని అనిపించింది.

ఇంకోటి చెప్తా, నీ మ్యాథ్స్ యాడికీ పోదు. స్పోర్ట్స్ డే ముందు రోజు సున్నం, తాడు, టేపు పట్టుకుని 200 మీటర్ల ట్రాక్ గీయాలె అనుకో. ఒక రౌండ్ రేసుకి పిల్లలందర్నీ ఒకే గీత మీద నిలబెడితే బయట లేన్ వాడు ఎక్కువ దూరం ఉరుకుతడు, అందుకే ఒక్కో లేన్‌కి స్టాగర్ ఇయ్యాలె. లేన్ వెడల్పు 1.22 మీటర్లు, దాన్ని రెండు పై (2π)తో గుణిస్తే దాదాపు 7.67 మీటర్లు, అంటే రెండో లేన్ వాడు మొదటోడి కంటే అంత ముందు నిలబడాలె. పుస్తకాలల్ల 7.04 అని ఉంటది, అది లోపల కర్బ్ (ఎత్తు అంచు) ఉన్న ట్రాక్‌కి, అక్కడ మొదటి లేన్‌ని కర్బ్ నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర కొలుస్తరు. మన స్కూళ్లల్ల ఉండేది సున్నం గీత, దానికి 20 సెంటీమీటర్లే, కాబట్టి 7.67. ట్రాక్ 200 అయినా 400 అయినా ఒక రౌండ్‌కి ఈ తేడా మారదు, ఎందుకు మారదో నీకు చెప్పక్కర్లేదు. సగం స్కూళ్లల్ల దీన్ని అడుగులతోటి ఉజ్జాయింపుగ కొలిచి గీస్తరు, ఓడిన పిల్లగాడు ఏడ్చుకుంట పోతడు, వాడు నిజంగ ఓడిండో లేదో దేవుడికే తెల్వాలె.

బాధలు గూడ విను. టెన్త్ వాళ్ల పీరియడ్లు సంక్రాంతి తర్వాత నీయి కావు, మ్యాథ్స్ సార్లే గుంజుకుంటరు (పైన సార్ ఏమీ అనుకోవద్దు). ఎస్‌జీఎఫ్ సీజన్ వచ్చిందంటే ఎంట్రీ ఫారాలు, బోనఫైడ్లు, పుట్టిన తేదీ సర్టిఫికెట్లు, ఒక్క పిల్లగాడి ఆధార్‌ల తేదీ తప్పుంటే టీమ్ మొత్తం ఆగుతది. పిల్లల్ని బస్సుల తీస్కపోవుడు, తీస్కచ్చి ఇంట్ల అప్పజెప్పుడు, అన్నీ నీ నెత్తిమీదనే.

లెక్కల_సారు:

పీరియడ్లు గుంజుకోవడం ఒప్పుకుంటున్నా. కానీ సిలబస్ అవ్వకపోతే డీఈఓ ఆఫీస్‌లో నిలబడేది ఎవరు సార్, మీరా నేనా.

విజిల్_పీఈటీ:

నేను గాదు లెండి. పీరియడ్లు తీస్కోండి, ఫిబ్రవరిల ఇంటర్‌స్కూల్ ఉన్నప్పుడు మాత్రం మీ టాపర్‌ని నాకు పంపుండ్రి.

కోచ్_అక్క:

ఆ ఎన్ఐఎస్ మాట చూసి ఆగలేక రాస్తున్నాను. నేను డిప్లొమా చేసి ఇప్పుడు ఒక ప్రైవేట్ స్కూల్లో వాలీబాల్ కోచ్‌గా ఉన్నాను. చూడు బాబూ, పటియాలాలో ఉన్న నేతాజీ సుభాష్ సంస్థ, అదే ఎన్ఐఎస్, 1961 నుంచి ఉంది, దేశంలో కోచ్ అంటే అక్కడి డిప్లొమాకే విలువ, కాదనట్లేదు. కానీ అక్కడ రెండు రకాలున్నాయి. ఒకటి ఏడాది డిప్లొమా, దానికి డిగ్రీ ఉండాలి, ఆటలో ఒక స్థాయి దాకా ఆడిన సర్టిఫికెట్లు ఉండాలి, పైగా ఫిట్‌నెస్, స్కిల్ టెస్టులు నెగ్గాలి. రెండోది ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు, మీ సీనియర్ చెప్పింది అదే. అది మంచిదే, ప్రాక్టీస్ ఎలా ప్లాన్ చేయాలో తెలుస్తుంది, ప్రైవేట్ స్కూళ్లు, అకాడమీలు దాన్ని చూస్తాయి. అయితే అది టీచర్ అర్హత కాదు, డీఎస్సీలో పనికిరాదు. స్పోర్ట్స్ అథారిటీల్లో కోచ్ పోస్టుకి మామూలుగా అడిగేది డిప్లొమానే. ఆ ఆరు వారాల సర్టిఫికెట్ పట్టుకుంటే ఏ స్కూలైనా తీసుకుంటుందని చెప్పేవాళ్లని ఏ స్కూల్ తీసుకుందో ఒకసారి అడిగి చూడు.

నన్ను అడిగితే టీచర్ అర్హత ఒకటి ముందు చేతిలో పెట్టుకుని, ఆరు వారాలది ఏదో ఒక వేసవిలో చేసుకో. వాలీబాల్‌కి ప్రపంచ సమాఖ్య లెవెల్ 1 కోచ్ కోర్సు కూడా ఉంది, రాష్ట్ర అసోసియేషన్ వాళ్లతో పరిచయం ఉంటే ఎప్పుడు పెడతారో తెలుస్తుంది. రిఫరీ పరీక్ష కూడా రాసెయ్, రూల్ బుక్ కంఠతా వచ్చిన కోచ్‌ని పిల్లలు వేరేగా చూస్తారు.

ఇంకో మాట, ఇది ఏ నోటిఫికేషన్‌లోనూ ఉండదు. బాగా ఆడిన ప్రతివాడూ ఆడించగలడు అనుకోకు. నువ్వు ఆడింది పెద్దవాళ్ల నెట్ మీద, 2.43 మీటర్ల ఎత్తులో, నీ దగ్గరికి వచ్చేది ఏడో తరగతి పిల్లలు. వాళ్లకి నెట్ దించాలి, బాల్ తేలికది ఇవ్వాలి, కోర్ట్ చిన్నది చేయాలి. నలభై మంది పిల్లలు రెండు బాల్స్ ఉన్నప్పుడు అందర్నీ లైన్లో నిలబెట్టి ఒక్కొక్కళ్లతో సర్వీస్ కొట్టిస్తే గంటలో ఒక్కో పిల్లకి మూడుసార్లు బాల్ తగులుతుంది, మిగతా టైమంతా కబుర్లే. అదే గోడకి కొట్టే డ్రిల్, ముగ్గురు ముగ్గురు గుంపులు, బాల్ లేకుండా ఫుట్‌వర్క్, ఇలా విడగొట్టి తిప్పుతుంటే అందరూ కదులుతారు.

పిల్లల మోకాళ్ల సంగతి కూడా చెప్పాలి. పన్నెండు, పద్నాలుగేళ్ల పిల్లలు ఒక్కసారిగా ఎత్తు పెరుగుతుంటారు, ఆ టైమ్‌లో జంపులు ఎక్కువైతే మోకాలి చిప్ప కింద, ముందు వైపు ఎముక మీద గడ్డలా తేలి నొప్పి వస్తుంది, డాక్టర్లు ఓస్‌గుడ్ ష్లాటర్ అంటారు. చిప్ప కింది నరం లాంటి పట్టీ ఇంకా గట్టిపడని ఎముకని లాగడం వల్ల వచ్చేది. మెట్లెక్కితే నొప్పి, మోకాళ్ల మీద కూర్చుంటే నొప్పి అని పిల్ల చెప్తే దొంగ సాకు అనుకుని ఇంకో పది జంపులు చేయించే కోచ్‌లని చూశాను, నాకు ఒళ్లు మండిపోతుంది. స్పైక్ ప్రాక్టీస్ తగ్గించి, తొడ కండరాల స్ట్రెచింగ్ పెట్టి, ఓవర్‌హెడ్ పాస్ లాంటివి నిలబడి చేయించు, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించమను. ఎదుగుదల ఆగాక చాలామందికి అదే పోతుంది. ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ కూడా నేర్చుకుని ఉండు, 30 నొక్కులకి 2 శ్వాసలు అని పరీక్షలో రాయడం కాదు, బొమ్మ మీద చేసి చేతులు నొప్పెట్టాలి.

ఆడపిల్లల టీమ్ నీకు అప్పజెప్తే టోర్నమెంట్‌కి లేడీ టీచర్ లేకుండా బయల్దేరకు. ఒంటరిగా ఏ పిల్లతోనూ గదిలో ప్రాక్టీస్ మాటలు వద్దు, తలుపు తీసే ఉండాలి. 2012 నాటి పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) ఒకసారి చదువు, ప్రతి కోచ్ చదవాలి. అలాగే పిల్లల్ని కొట్టడం విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 కింద నేరుగా నిషేధం, గ్రౌండ్‌కి మినహాయింపేమీ లేదు, డ్రిల్ మాస్టర్ బెత్తం రోజులు పోయాయి.

ఎదురుచూపు_బ్యాచ్:

అన్నీ బానే చెప్పిన్రు గానీ అసలుది ఎవరూ చెప్పలే. 2017 టీఆర్‌టీ (అప్పటి టీచర్ పోస్టుల పరీక్ష) తర్వాత 2023ల ఒక నోటిఫికేషన్ ఇచ్చి అది రద్దు చేసి 2024ల మళ్ల ఇచ్చిన్రు. నడుమ మా బ్యాచోళ్ల జుట్టు తెల్లబడ్డది. ఏజ్ లిమిట్ 46 పెట్టిన్రు కాబట్టి బతికినం. బ్రో, ఏ కోర్స్ చేసినా ఆ నడుమ ఏం తిని బతుకుతవో అది గూడ ప్లాన్ చేస్కో. లెక్కలైతే ట్యూషన్లు దొరుకుతయ్, వాలీబాల్‌కి ట్యూషన్ ఎవడు పెట్టిస్తడు.

లిబెరో_07:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తరనుకోలే. కోచ్ అక్క చెప్పిన మోకాలి నొప్పి నాకు గూడ ఎనిమిదిల ఉండె, మా సార్ జండూబామ్ రాస్కోమన్నడు.

ఆలోచించినంక నాకు అనిపిస్తున్నది, టీమ్ నా చేతిల లేకుంటే పక్కన నిలబడి చప్పట్లు కొట్టుడు నాతోని కాదు. కాబట్టి బీపీఈడీ దిక్కే మనసు పోతున్నది, ట్యూషన్లు ఎట్లనూ చెప్పుకుంట. 182 చూసి భయమైతే ఐతుంది, అబద్ధం చెప్పను. లాస్ట్ డౌట్ ఒకటి, పీఈసెట్‌ల రన్నింగ్, షాట్ పుట్ ఉంటయంట, నేను జిందగీల షాట్ పట్టలే. వాలీబాల్ ఒక్కటే వచ్చినోడికి అయితదా?

విజిల్_పీఈటీ:

అయితది. ఇప్పటిదాకా ఉన్న పద్ధతి ఏందంటే మగోళ్లకి 100 మీటర్లు, 800 మీటర్లు, షాట్ పుట్, లాంగ్ జంప్ లేదా హై జంప్‌ల ఒకటి. ఆడోళ్లకి 800 బదులు 400. వీటితోపాటు ఒక గేమ్ స్కిల్ టెస్ట్, అండ్ల నువ్వు వాలీబాల్ ఎంచుకుంటవ్, అక్కడ నీకు ఫికర్ లేదు. జంప్‌ల గూడ వాలీబాల్ ఆడేటోళ్లకి హై జంప్ తొందరగ పట్టుబడతది. మార్కులు ఎక్కువ పోయేది 800ల, గేమ్ ఆడేటోళ్లందరూ మొదటి 400 తుపాకీ గుండోలె పోయి రెండో రౌండ్ల నడుస్తరు. ఇప్పట్నుంచే వారంల మూడు రోజులు 800 ఉరుకు, రెండు రౌండ్లకి టైమ్ వేరువేరుగ రాసుకో, ఆ రెంటి నడుమ తేడా తగ్గుకుంట రావాలె.

షాట్ సంగతి, బాల్ లెక్క ఇసరకు, మోచెయ్యి పోతది. షాట్ మెడకి ఆనించి పెట్టుకో, చెయ్యి భుజం వెనకకి పోవద్దు, నూకాలె అంతే. ముందు నిలబడే నూకుడు నేర్చుకో, గ్లైడ్ (జారుకుంట వచ్చి నూకుడు) తర్వాత. కాలు వృత్తం దాటితే ఫౌల్, ఇసిరినంక వెనక సగం నుంచే బయటికి రావాలె, ఇది తెల్వక మంచి త్రో చేసి గూడ పోగొట్టుకుంటరు. మీ మండలంల పీఈటీ ఎవరున్నా పొయ్యి అడుగు, స్కూల్ల షాట్ ఖాళీగనే పడి ఉంటది. ఎస్‌జీఎఫ్ స్టేట్ సర్టిఫికెట్ ఒరిజినల్ ఉందా పోయిందా ఇయ్యాలే వెతుకు, కౌన్సెలింగ్‌ల స్పోర్ట్స్ సర్టిఫికెట్ వెరిఫికేషన్ అప్పుడు జిరాక్స్ చూపిస్తే పక్కకి పెడతరు.